రైస్ మిల్లు ల్యాప్‌టాప్, పలకని టచ్: ఆరు రోజుల పని డైరీ

మొదటి రోజు, సోమవారం

మెషీన్: 14 అంగుళాల ల్యాప్‌టాప్, స్క్రీన్ 360 డిగ్రీలు వెనక్కి తిరిగే రకం, విండోస్ 11. మిర్యాలగూడ దగ్గర ఒక రైస్ మిల్లు ఆఫీసులో కాంటా బిల్లులు, లారీ లోడ్ల లెక్కలు దీంట్లోనే. నల్లగొండలో మా రిపేరు బెంచీ మీదికి వచ్చేసరికే దానికి తీర్పు అయిపోయింది, తెచ్చిన మిల్లు మనిషి మాట ఇది: "టచ్ అసలు పనిచేస్తలేదు సార్. గ్లాస్ పోయింది, మొత్తం స్క్రీనే మార్చాలె, పద్నాలుగు వేలైతదన్నరు."

గ్లాస్ పోయిందని విప్పకుండా చెప్పగలిగే సందర్భాలు తక్కువ. బొమ్మ శుభ్రంగా ఉంది. టార్చి లైటు ఏటవాలుగా వేసి నాలుగు అంచులూ చూశాం, వెంట్రుకంత పగులు కూడా లేదు. అన్నింటికంటే ముఖ్యం, టచ్ ఎంత మేర పోయిందన్నది. ఒక పట్టీ మాత్రమే చచ్చిపోయి మిగతాది పలుకుతుంటే గ్లాస్‌లోని కనిపించని గీతలో, దాని అంచున ఉండే ఫ్లెక్స్ (పలచని పట్టీ తీగ) అతుకులో తేడా అనుకోవచ్చు. వేలు పెట్టకుండానే అక్కడా ఇక్కడా ఒత్తుకుంటుంటే కరెంటు నాయిస్, తేమ, వెనక నుంచి ఒత్తిడి, వీటిని చూడాలి. ఇక్కడ ఈ మూల నుంచి ఆ మూల దాకా ఒక్క చుక్క కూడా పలకడం లేదు. అంటే గ్లాస్‌కి పవర్ అందడం లేదు, లేదా దాని మాట మదర్‌బోర్డు దాకా చేరడం లేదు, లేదా విండోస్ వినడం లేదు. ఈ మూడూ తేలాకే గ్లాస్ వంతు.

డివైస్ మేనేజర్‌లో హ్యూమన్ ఇంటర్‌ఫేస్ డివైసెస్ తెరిచాం. ఉండాల్సిన "హెచ్‌ఐడీ కంప్లయంట్ టచ్ స్క్రీన్" లేదు. "ఐ2సీ హెచ్‌ఐడీ డివైస్" రెండున్నాయి, ఒకదాని మీద పసుపు త్రికోణం, కోడ్ 10, అంటే డివైస్ మొదలు కాలేకపోయిందని. రెండోది టచ్‌ప్యాడ్‌ది, అది బాగుంది. వ్యూ మెనూలో షో హిడెన్ డివైసెస్ పెడితే టచ్ స్క్రీన్ పేరు మసక అక్షరాల్లో బయటపడింది. అంటే ఇదే విండోస్‌లో అది ఇంతకుముందు పనిచేసింది. డీటెయిల్స్‌లో హార్డ్‌వేర్ ఐడీ చూస్తే వెండర్ నంబర్ 04ఎఫ్3. అది ఎలాన్ చిప్ నంబర్. 056ఏ ఉంటే వాకామ్, 27సీ6 ఉంటే గుడిక్స్, 06సీబీ ఉంటే సినాప్టిక్స్. డ్రైవర్ వెతికేటప్పుడు ల్యాప్‌టాప్ మోడల్‌తో పాటు ఈ నంబర్ కూడా చేతిలో ఉండాలి, ఎందుకంటే ఒకే మోడల్‌లో రెండు రకాల టచ్ ప్యానెళ్లు వస్తుంటాయి.

ఇక్కడ చాలామంది పొరబడతారు. యూఎస్‌బీ మీద నడిచే టచ్ అయితే తీగ తెగినప్పుడు జాబితాలోంచి పేరే మాయమవుతుంది. ఐ2సీ, అంటే చిప్‌లు మాట్లాడుకునే రెండు తీగల దారి, అలా కాదు. ఐ2సీకి తనంతట తాను "నేనున్నాను" అని చెప్పుకునే పద్ధతి లేదు. ఫలానా చిరునామాలో టచ్ ఉందని బయోస్ పట్టికలో ముందే రాసి ఉంటుంది, విండోస్ దాన్ని నమ్మి పేరు చూపిస్తుంది. అందుకే చాలా మోడళ్లలో కేబుల్ పూర్తిగా ఊడదీసినా పేరు కనిపిస్తుంది, పక్కన కోడ్ 10 ఉంటుంది. "పేరు కనిపిస్తున్నది కాబట్టి కనెక్షన్ బాగానే ఉంది, డ్రైవరే తప్పు" అనుకుంటే రెండు రోజులు డ్రైవర్ల వెంట తిరగాల్సి వస్తుంది.

డబ్బు ఖర్చు లేని పనులన్నీ ఈ రోజే పూర్తి చేశాం. షిఫ్ట్ నొక్కి పట్టుకుని షట్‌డౌన్ చేశాం. మామూలు షట్‌డౌన్‌లో ఫాస్ట్ స్టార్టప్ వల్ల కెర్నల్, అంటే విండోస్ గుండెకాయ, నిద్రపోయి మళ్లీ అదే స్థితిలో లేస్తుంది, డ్రైవర్ మొదటి నుంచి మొదలవదు. తర్వాత చార్జర్ తీసి పవర్ బటన్ 30 సెకన్లు పట్టుకున్నాం. ఆపైన డిసేబుల్, ఎనేబుల్. అన్‌ఇన్‌స్టాల్ చేసి స్కాన్ ఫర్ హార్డ్‌వేర్ చేంజెస్ చేశాం, డ్రైవర్ ఫైళ్లు కూడా తీసేయమనే టిక్ మాత్రం పెట్టలేదు. పవర్ మేనేజ్‌మెంట్‌లో డివైస్‌ను ఆపేసే అనుమతి తీసేశాం. విండోస్ అప్‌డేట్‌లో ఆప్షనల్ డ్రైవర్లు చూశాం. దేనికీ లేవలేదు. నలభై నిమిషాలు పట్టింది.

ఈ పనికి ముందు యూఎస్‌బీ మౌస్ ఒకటి తగిలించి ఉంచుకోవాలి. ఐ2సీ హోస్ట్ కంట్రోలర్‌ను పొరపాటున డిసేబుల్ చేస్తే టచ్‌ప్యాడ్ కూడా దాంతో పోతుంది, తిరిగి ఎనేబుల్ చేయడానికి పాయింటర్ ఉండదు.

రెండో రోజు

మొదట బిట్‌లాకర్, అంటే డిస్కుకి విండోస్ వేసే తాళం, సంగతి. డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉంది. బయోస్‌లో ఏది కదిపినా తర్వాత 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. మిల్లు వాళ్ల అకౌంట్ నుంచి కీ తీయించి కాగితం మీద రాయించుకున్నాకే ముందుకెళ్లాం. లెక్కలున్న మెషీన్, అందులో వడ్ల సీజన్, తాళం పడితే ఎవరూ క్షమించరు.

విండోస్‌తో సంబంధం లేని ఉబుంటు సిస్టమ్‌ను పెన్‌డ్రైవ్ నుంచి లైవ్‌గా లేపాం. ఇన్‌స్టాల్ అక్కర్లేదు. అక్కడా టచ్ లేదు. కెర్నల్ లాగ్‌లో ఐ2సీ హెచ్‌ఐడీ వరుస ఉంది, డివైస్‌ను రీసెట్ చేయబోతే జవాబు రాలేదని. టచ్‌ప్యాడ్‌కు అలాంటి ఫిర్యాదు లేదు. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు సిస్టమ్‌లు ఒకే మాట చెప్పాయి కాబట్టి ఇక డ్రైవర్ జోలికి వెళ్లనక్కర్లేదు. లోపం హార్డ్‌వేర్‌లోనే ఉంది.

తర్వాత చేసింది కోణాల పరీక్ష. ఈ మెషీన్ విషయంలో అసలు గుట్టు విప్పింది ఇదే. స్క్రీన్ మూసినా నిద్రపోకుండా లిడ్ సెట్టింగ్ "డూ నథింగ్" పెట్టి, హెచ్‌డీఎంఐతో బయటి మానిటర్ తగిలించి, యూఎస్‌బీ మౌస్‌తో డివైస్ మేనేజర్ తెరిచి ఉంచాం. స్క్రీన్‌ను 20 డిగ్రీల నుంచి పదేసి డిగ్రీలు తెరుస్తూ, ప్రతి కోణం దగ్గరా ఆ త్రికోణం ఉన్న డివైస్‌ను డిసేబుల్ చేసి ఎనేబుల్ చేశాం. ఇలా ప్రతిసారీ చేయాల్సిందే. ఐ2సీలో తీగ మళ్లీ అతుక్కున్నా విండోస్ తనంతట తాను మళ్లీ పలకరించి చూడదు, కోడ్ 10 అలాగే ఉండిపోతుంది. స్క్రీన్‌ను ఊరికే ముందుకూ వెనక్కూ ఊపి "తేడా ఏం లేదు" అని వదిలేసేవాళ్లకు ఈ లోపం చిక్కదు.

20, 30, 40 డిగ్రీల దగ్గర మూడుసార్లు చేస్తే రెండుసార్లు త్రికోణం పోయింది, టచ్ స్క్రీన్ పేరు వచ్చింది. ఆ సందులోంచి వేలు దూర్చి రాస్తే పెయింట్ ప్రోగ్రాంలో గీత పడింది! 60 దాటాక తగ్గింది, 90 దాటాక ఒక్కసారి కూడా లేవలేదు. గ్లాస్ బతికే ఉంది. చిప్ బతికే ఉంది. హింజ్ దగ్గర, అంటే స్క్రీన్ తిరిగే మడత బందు దగ్గర, కేబుల్ చచ్చింది.

మూడో రోజు

కింది మూత: టీ5 స్క్రూలు ఎనిమిది, వెనక రబ్బరు పట్టీ కింద దాగినవి ఇంకో రెండు. హింజ్ వైపువి పొడవు ఎక్కువ. వాటిని ముందువైపు బిగిస్తే కీబోర్డు పక్క ప్లాస్టిక్ ఉబ్బి పగులుతుంది. అందుకే తెల్లకాగితం మీద మూత ఆకారం గీసి, ఏ స్క్రూ ఆ చోట గుచ్చి పెట్టాం. మూత తీయగానే ఫ్యాన్ చుట్టూ తవుడు ధూళి, లేత గోధుమరంగులో, వేలితో ఒత్తితే పేస్టులా అతుక్కునేది.

ముందుగా బ్యాటరీ కనెక్టర్ తీశాం. ఈ వరుస తప్పకూడదు. డిస్‌ప్లే కేబుల్‌లోనే బ్యాక్‌లైట్‌కి బ్యాటరీ వోల్టేజి వెళ్తుంది. బ్యాటరీ ఉండగా ఆ కనెక్టర్ వంకరగా లాగితే ఆ వోల్టేజి పక్క పిన్నుకి తగిలి, మదర్‌బోర్డు మీద బ్యాక్‌లైట్ ఫ్యూజ్ పోతుంది. ఖర్మ బాగాలేకపోతే బొమ్మ చూపే ప్యానెల్ కూడా పోతుంది. టచ్ కోసం వచ్చిన మెషీన్ బొమ్మ లేకుండా తిరిగి వెళ్లడం చాలామటుకు ఇక్కడే జరుగుతుంది.

డిస్‌ప్లే కనెక్టర్ మీద నల్ల గుడ్డ టేపు, దాని కింద సన్నని లోహపు కొక్కెం. కొక్కెం పైకి లేపి, కనెక్టర్‌ను బోర్డుకి సమాంతరంగా వెనక్కి జరపాలి. పైకి లాగితే సాకెట్ ఊడొస్తుంది. ఇది 40 పిన్నుల రకం. టచ్ లేని మోడళ్లలో ఎక్కువగా 30 పిన్నులే ఉంటాయి. ఇందులో టచ్ తీగలు కూడా ఇదే కట్టలో పైకి వెళ్లి, స్క్రీన్ దగ్గర రెండుగా చీలతాయి: 30 పిన్నుల తల ప్యానెల్‌కి, 8 పిన్నుల తల టచ్ బోర్డుకి.

ఆ పై తలల్ని చేరాలంటే స్క్రీన్ ఊడదీయాలి. ఈ రకంలో గ్లాస్, ప్యానెల్ అతికి ఒకే ముక్కగా ఉంటాయి, మూతకి డబుల్ సైడ్ టేపుతో అంటించి ఉంటుంది. హెయిర్ డ్రైయర్‌తో అంచుల్ని వేడి చేశాం, చేయి పెడితే ఓర్చుకోలేనంత, అంటే 70 డిగ్రీల చుట్టూ. ఒకేచోట ఆపకుండా తిప్పుతూ ఉండాలి. సన్నని ప్లాస్టిక్ పిక్ అయిదు మిల్లీమీటర్లకు మించి లోపలికి పోనివ్వలేదు. అంతకన్నా లోతుకు పోతే బ్యాక్‌లైట్ షీట్లు నలిగి, అంచున తెల్లటి మచ్చ శాశ్వతంగా మిగిలిపోతుంది. కింది అంచు చివరికి ఉంచాలి, కేబుల్ ఉండేది అక్కడే. గంటంబావు పట్టింది. నల్లగొండ మే నెల ఎండకి సగం వేడి ముందే ఉంది కాబట్టి టేపు తొందరగానే మెత్తబడింది.

కేబుల్ బయటికి తీశాక మల్టీమీటర్ పని. మీటర్ ముల్లు ఈ పిన్నులకి లావు, రెండేసి పిన్నులకి తగులుతుంది. కుట్టు సూదిని ముల్లుకి రాగి తీగతో గట్టిగా చుట్టి వాడాం. 8 పిన్నుల తలలో ఒక్కో పిన్ను మీద సూది పెట్టి, అవతల 40 పిన్నుల వరుస మీద రెండో సూది జరుపుతూ పోతే ఏది ఏ పిన్నుకి వెళ్తున్నదో పటం తయారవుతుంది. ఇలా తేలింది: 3.3 వోల్టులకి ఒకటి, గ్రౌండ్‌కి రెండు, డేటా క్లాక్ జతకి రెండు, ఇంటరప్ట్ (వేలు తగిలిందని పిలిచే తీగ) ఒకటి, రీసెట్ ఒకటి, ఒకటి ఖాళీ. గ్రౌండ్ మొదట పట్టుకోవాలి, అది కనెక్టర్ లోహపు తొడుగుకి కూడా తగులుతుంది కాబట్టి సులువు. 3.3 వోల్టుల పిన్ను బోర్డు ఆన్ చేసి సాకెట్ వైపు కొలిస్తే తెలుస్తుంది.

కేబుల్ నిటారుగా పెట్టి కొలిస్తే ఏడు తీగలూ 0.6 నుంచి 0.9 ఓమ్‌ల మధ్య. అన్నీ బాగున్నట్టే! బెంచీ మీద సాపుగా పరిచి కొలిచి "కేబుల్ ఓకే" అని రాసేస్తే మళ్లీ గ్లాస్ దగ్గరికే పోతాం. హింజ్‌లో ఉండే వంపు ఎలా ఉంటుందో అలా, పెన్సిల్ చుట్టూ చుట్టి కొలిచాం. డేటా క్లాక్ జతలో ఒక తీగ పూర్తిగా తెగిపోయి మీటర్ ఖాళీ చూపింది. రీసెట్ తీగ 30 ఓమ్‌ల చుట్టూ ఊగింది. పెన్సిల్ నుంచి విప్పగానే రెండూ మళ్లీ ఒక ఓమ్ లోపుకి వచ్చాయి. భూతద్దంలో చూస్తే ఆ వంపు దగ్గర చుట్టిన టేపు జరిగి ముడత పడింది, పైపొర లోపల తీగ మెడ విరిగినట్టు ఒక నల్ల చుక్క.

ఎందుకు తెగింది? కేబుల్ హింజ్ గొట్టంలో కొంచెం కొంచెంగా మెలితిరుగుతూ, ఆ మెలిక పొడవంతా పంచుకునేలా చేసి ఉంటుంది. తవుడు ధూళి హింజ్ గ్రీజులో కలిసి గట్టిపడి కేబుల్‌ను ఒకచోట పట్టేసింది. ఇక తెరిచి మూసిన ప్రతిసారీ వంగేది ఆ ఒక్క చోటే. కట్టలో అంచున ఉన్న తీగలు ఎక్కువ వంగుతాయి, టచ్ తీగలు ఇక్కడ అంచునే ఉన్నాయి. బొమ్మ తీగలు నడుమ ఉండి బతికిపోయాయి.

నాలుగో రోజు

కొత్త కేబుల్. ఆర్డర్ చేయాల్సింది ల్యాప్‌టాప్ మోడల్ పేరుతో కాదు, కేబుల్ మీది స్టిక్కర్ నంబర్‌తో. డీసీ02 అనో, డీడీ0 అనో, 450 అనో మొదలవుతుంది, అది ఏ కంపెనీ బోర్డు తయారుచేసిందో దాన్ని బట్టి. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఫోటో పంపి అడిగితే మొదట మోడల్ పేరు చూసి 30 పిన్నులది తీశారు. నంబర్ అంకె అంకె చదివించాక సరైనది దొరికింది. 1,450 రూపాయలు, ఆర్టీసీ కార్గోలో సాయంత్రానికి నల్లగొండ బస్టాండ్‌కి చేరింది.

పాత తీగనే అతకొచ్చు కదా అని అడుగుతారు. ఎనామెల్ రాగి తీగతో అతుకు వేయడం కష్టమేమీ కాదు. బోర్డు మీద, కదలని చోట అయితే అదే చేస్తాం. హింజ్‌లో మాత్రం వద్దు. టంకం పడిన చోట తీగ బిరుసెక్కుతుంది, దాని పక్కనే మళ్లీ విరుగుతుంది. మిల్లులో రోజుకి ఇరవైసార్లు తెరిచి మూసే మెషీన్‌కి అది కొన్ని వారాల మాట.

హింజ్ గొట్టంలోని పాత గ్రీజు ఐసోప్రొపైల్ ఆల్కహాల్, ఇయర్‌బడ్‌లతో తుడిచి, తిరిగే ఇరుసుకి మాత్రమే ఆవగింజంత కొత్త సిలికాన్ గ్రీజు పెట్టాం. కేబుల్ దారిలో గ్రీజు తగలకూడదు. కొత్త కేబుల్‌ని పాతది ఏ వైపు నుంచి ఎలా మెలి తిరిగిందో అలాగే పెట్టాం. విప్పేటప్పుడు తీసిన ఫోటోలు ఇక్కడ అక్కరకొచ్చాయి.

పవర్ ఇచ్చేముందు 3.3 వోల్టుల పిన్ను, గ్రౌండ్ మధ్య షార్ట్ లేదని చూసుకున్నాం. స్క్రీన్ అంటించకుండానే నిలబెట్టి ఆన్ చేస్తే త్రికోణం లేదు. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అబౌట్‌లో 10 టచ్ పాయింట్లు అని వచ్చింది. పెయింట్ నిండా తెరిచి వేలి వెడల్పు ఎడంతో అడ్డంగా, నిలువుగా గీతలు గీశాం, ఒక్క గీత కూడా మధ్యలో తెగలేదు. కోణాల పరీక్ష 0 నుంచి 360 దాకా మళ్లీ చేశాం, ప్రతిచోటా లేచింది.

అయిదో రోజు

అయిపోయిందనుకున్న మెషీన్ కొత్త జబ్బు చూపింది. వాళ్ల చార్జర్ పెట్టగానే పెయింట్‌లో వేలు లేకుండానే చుక్కలు. చార్జర్ తీస్తే శుభ్రం. బెంచీ చార్జర్ పెట్టినా శుభ్రం. మిల్లుకి ఫోన్ చేస్తే, "అవు సార్, చార్జర్ పెడితే దానంతట అదే ఒత్తుకుంటుండె. తర్వాత మొత్తానికే ఆగిపోయింది" అన్నారు. ఈ మాట మొదటి రోజే అడిగి రాబట్టాల్సింది.

వాళ్ల చార్జర్ తీగ చూస్తే మూడో పిన్ను లేదు, రెండు పిన్నుల ప్లగ్గులో పట్టేలా విరగ్గొట్టారు. దాని మీద మెషీన్ నడుస్తుండగా లోహపు మూతకి, మా గోడ ఎర్త్‌కి మధ్య ఏసీ వోల్టేజి కొలిస్తే 96. చంపేంత కరెంటు కాదు, చార్జర్ లోపలి నాయిస్ కెపాసిటర్ల గుండా కారే మైక్రో ఆంపియర్లు. మణికట్టు రాస్తే జివ్వుమంటుంది, అంతే. టచ్ చిప్‌కి మాత్రం అది తుపాను. వేలు తగిలినప్పుడు అది కొలిచే మార్పు పికోఫారడ్ అనే అతి చిన్న కొలతలో ఒక భాగం. ఎర్త్ ఉంటే చార్జర్ స్విచింగ్ నాయిస్ నేలలోకి పోతుంది. లేకపోతే మెషీన్ మొత్తం ఆ నాయిస్‌తో పైకీ కిందికీ ఊగుతుంది, చిప్ ఆ ఊపునే వేలు తగిలినట్టు చదువుతుంది.

మూడు పిన్నుల కొత్త తీగ ఇస్తే సరిపోతుందా? సాకెట్‌లో ఎర్త్ ఉంటేనే. మిల్లు ఆఫీసుకి వెళ్లి కొలిచాం, గోడ సాకెట్ కరెంటు కొలవడానికి తగిన సీఏటీ 3 రకం మీటర్‌తో. ఫేజ్, న్యూట్రల్ మధ్య 236. ఫేజ్, ఎర్త్ మధ్య 110 చుట్టూ ఊగుతూ. న్యూట్రల్, ఎర్త్ మధ్య 120. ఎర్త్ బాగుంటే రెండోది మొదటిదానికి దాదాపు సమానంగా ఉండాలి, మూడోది రెండు మూడు వోల్టులు దాటకూడదు. ఇలా సగానికి సగం చూపిస్తే సాకెట్ మూడో రంధ్రం ఎక్కడికీ పోకుండా గాల్లో వేలాడుతున్నట్టు. ఆఫీసులోని కంప్యూటర్లు, ప్రింటర్ కెపాసిటర్లన్నీ కలిసి దాన్ని నడుమ వోల్టేజిలో నిలబెట్టాయి.

ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి ఎర్త్ గుంత తెరిపిస్తే, ఉప్పు తినేయడంతో క్లాంపు తుప్పుపట్టి తీగ విడిపోయి ఉంది. కొత్త క్లాంపు, నట్టు బోల్టు, దాని మీద గ్రీజు. ఇది చల్క నేల, కింద కొంచెం లోతులోనే బండ. వానాకాలంలో బాగుండే ఎర్త్ ఏప్రిల్, మే వచ్చేసరికి పొడి దుబ్బలో పనికిరాకుండా పోతుంది. ఉప్పు, బొగ్గు పొరలు వేసి జీఐ పైపు దింపి వదిలేస్తే చాలదు, ఎండాకాలంలో వారానికి రెండుసార్లు బిందెడు నీళ్లు పోయాలి. కొన్ని చోట్ల ఈ బాధ పడలేక సాకెట్‌లోనే ఎర్త్ రంధ్రాన్ని న్యూట్రల్‌కి కలిపేస్తారు. అది ఎప్పుడూ చేయొద్దు. న్యూట్రల్ ఎక్కడో తెగిన రోజున ఆ ల్యాప్‌టాప్ మూతకి, ఫ్రిజ్ బాడీకి, మోటార్ స్టార్టర్ డబ్బాకి నేరుగా 230 వోల్టులు వస్తాయి.

క్లాంపు వేసి నీళ్లు పోసి గంటాగి కొలిస్తే ఫేజ్, ఎర్త్ 235, న్యూట్రల్, ఎర్త్ 1.4. కొత్త తీగతో చార్జర్ పెట్టి అరగంట పెయింట్ తెరిచి ఉంచాం. ఒక్క చుక్క పడలేదు.

ఆరో రోజు

స్క్రీన్ అంటించడం. పాత టేపు జిగురు మొత్తం తీయాలి, చిన్న ముద్ద మిగిలినా ఆ చోట గ్లాస్ మీద ఒత్తిడి పడి టచ్ తప్పుగా చదువుతుంది. 2 మిల్లీమీటర్ల వెడల్పు డబుల్ సైడ్ టేపు నాలుగు వైపులా వేసి, కేబుల్ వెళ్లే చోట వేలెడు ఖాళీ వదిలి, ఉతికిన మెత్తని గుడ్డ వేసి పుస్తకాలు పేర్చి నాలుగు గంటలు ఉంచాం. క్లాంపులు వాడలేదు, ఒక్క మూల ఎక్కువ బిగిసినా చాలు, ప్యానెల్ పగలడానికి.

స్క్రీన్ మీద తెల్లటి వలయాలు కూడా ఉన్నాయి. బోరు నీళ్లతో తడిపిన గుడ్డతో తుడిచారట. మా జిల్లా బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి అందరికీ తెలిసిందే, ఉప్పులూ అంతే ఎక్కువ. ఆరాక అవే గ్లాస్ మీద మిగులుతాయి, అంచు సందులోకి దిగితే కనెక్టర్‌ను తింటాయి. డిస్టిల్డ్ వాటర్, 70 శాతం ఐసోప్రొపైల్ సగం సగం కలిపి, స్క్రీన్ మీద కాకుండా మైక్రోఫైబర్ గుడ్డ మీద చల్లి తుడిస్తే పోయాయి. చిన్న సీసా నింపి వాళ్లకే ఇచ్చాం.

అప్పగించేముందు యాభైసార్లు తెరిచి మూసి, చార్జర్ మీద, చార్జర్ లేకుండా మళ్లీ గీతలు గీసి చూశాం. ఖర్చు: కేబుల్ 1,450, చార్జర్ తీగ 180, టేపు 60, కార్గో 70, పని కూలి వేరు. పాత కేబుల్‌ను జిప్ కవర్లో పెట్టి, 8 పిన్నులకీ 40 పిన్నులకీ గీసిన పటం, పెన్సిల్ చుట్టూ తెగిన తీగల నంబర్లు దాని మీద రాసి అరలో పెట్టాం. ఇదే నంబర్ కేబుల్ ఉన్న మెషీన్ వస్తే సూదులు చుట్టే పని తప్పుతుంది.